మెమరీ కార్డుకు పరీక్ష

హైదరాబాదు పాతబస్తీలోని బహదూర్‌పురాలో నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబరు 6వ తేదీన ప్రారంభమైనది. ఆ రోజులలో అక్కడి పులినో, ఏనుగునో చిత్రము తీయగోరువారు ఫిల్ము కెమెరా తీసికొని పోయెడివారు. వెలుతురు పడినచోట ఫిల్ములో రసాయనికమైన మార్పు కలిగి చిత్రము నిలిచెడిది. నేడు సెల్‌ఫోనుతో తీసిన చిత్రములను పలువురు మెమరీ కార్డులో దాచుచున్నారు. వ్రేలి గోరంత ఉండు ఈ కార్డు ఫిల్మువంటిది కాదు. దానికి ఆదేశము లీయవలెను. అది బదులు చెప్పవలెను. ఆ బదులు నమ్మదగినదో కాదో తెలిసికొనుట ఎట్లు?

యంత్రముల జ్ఞాపకమును గూర్చిన ఈ ప్రశ్న మన నగరమునకు క్రొత్త కాదు. 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడినది. ట్రాంబే శాస్త్రజ్ఞులు 1969లో రూపొందించిన టి.డి.సి.-12 కంప్యూటరును ఈ సంస్థ తయారుచేసినది. అందలి జ్ఞాపకము ఫెర్రైటు అను అయస్కాంత పదార్థపు చిన్న ఉంగరములలో ఉండెడిది. ఒక్కొక్క ఉంగరము ఒక బిట్టును, అనగా 0ను గాని 1ని గాని, దాచును. చదువుటతోనే అందున్నది చెరిగిపోవును గనుక వెంటనే మరల వ్రాయవలెను. ఇట్టి జ్ఞాపకము సరిగా ఉన్నదో లేదో తెలియవలెనన్న ఒకటే మార్గము: వ్రాయుట, తిరిగి చదువుట, రెంటిని పోల్చుట.

తరువాత ఉంగరముల స్థానమును సిలికాను ఆక్రమించినది. జపానులోని తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసుయోకా 1984లో ఫ్లాష్ మెమరీని లోకమునకు తెలియజేసెను. విద్యుత్తు తీసివేసినను ఇందలి సమాచారము చెరగదు. ఈ మెమరీతో 1997లో మల్టీమీడియా కార్డు, 1999లో ఎస్.డి. కార్డు వెలువడినవి.

ఎస్.డి. కార్డునకు పంపు ఆదేశము 48 బిట్టుల వరుస. అందు 6 బిట్టులు ఆదేశసంఖ్య. 32 బిట్టులు ఆదేశ వివరము. 7 బిట్టులు దారిలో తప్పు దొర్లినదేమో కనిపెట్టుటకు. తక్కిన 3 ఆద్యంతములను, దిశను తెలుపుటకు. 17వ ఆదేశము ఒక ఖండమును చదువుమనును. 24వది ఒక ఖండమును వ్రాయుమనును. 8వ ఆదేశముతో 10101010 వంటి గుర్తును పంపగా, కార్డు దానినే తిరిగి పంపవలెను. బడిలో హాజరు పిలిచినట్లే!

ఈ ఆదేశములను మన చిత్రముల ప్రోగ్రాము స్వయముగా పంపదు. ఆపరేటింగ్ సిస్టమునకు హృదయము వంటి కెర్నెలులో డ్రైవరు అను భాగము కలదు. అది దుబాసీ వంటిది. ప్రోగ్రాము కోరికను కార్డు భాషలోనికి మార్చి, ఫోనులోని కంట్రోలరు అను సర్క్యూటు ద్వారా పంపును. దుబాసీ గాని, కంట్రోలరు గాని పొరబడినచో మంచి కార్డు సైతము చెడ్డదిగా కనబడును.

కనుక వీరినే పరీక్షింపవలసివచ్చినది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కెర్నెలే నేటి ఆండ్రాయిడ్ ఫోనులకు ఆధారము. అందులకై పియర్ ఒస్మాన్ 2007-08 సంవత్సరములలో ఎం.ఎం.సి. టెస్టు అను ప్రత్యేకమైన డ్రైవరును వ్రాసెను. అది మొదట కొన్ని ఖండములను 223 అను ఒకే సంఖ్యతో నింపును. పిదప అందు కొంతమేర మాత్రమే 0, 1, 2 అను క్రమములో సంఖ్యలు వ్రాయించి, మరల చదివి పోల్చును. వ్రాసినచోట ఆ క్రమము, దాని వెలుపల 223 యథాతథముగ ఉండవలెను. వ్రాయుమన్నది వ్రాసెనా అనుటతో సరిపెట్టక, వ్రాయవలదన్నచోట చేయి పెట్టలేదు గదా అనియు విచారించుట ఇందలి విశేషము. ఈ పరీక్షవలన కార్డులోని పూర్వ సమాచారము చెరుగును గనుక ఖాళీ కార్డునే వాడవలెను.

కార్డు తన పరిమాణమును తానే చెప్పును, డ్రైవరు నమ్మును. కొన్ని నకిలీ కార్డులు ఉన్నదానికంటె ఎక్కువ చెప్పును. నిజమైన హద్దు దాటినపిమ్మట వ్రాసినది దక్కదు. కొన్నిటిలో పాత చిత్రములును చెడును. ‘వ్రాసితిని’ అను బదులు మాత్రము చక్కగా వచ్చుచునే యుండును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. ఖాళీ కార్డును పూర్తిగా ఫైళ్ళతో నింపి, మూలములతో పోల్చవలెను. ఒక జాగ్రత్త అవసరము. ఇప్పుడే వ్రాసినదానిని వెంటనే అడిగినచో, కెర్నెలు కార్డును అడుగక, కంప్యూటరు జ్ఞాపకములో మిగిలియున్న ప్రతినే చూపవచ్చును. కనుక కార్డును పద్ధతిప్రకారము వేరుచేసి, బయటికి తీసి, మరల పెట్టి చదువవలెను. విలువైన చిత్రములను క్రొత్త కార్డునకు అప్పగించుటకు ముందే ఈ పరీక్ష జరుగవలెను.