ఊహాచిత్రం

పత్రికల్లో బొమ్మ కింద చిన్న అక్షరాల్లో కనిపించే మాట ఇది. దొంగను చూసినవాళ్లు చెప్పిన పోలికలతో పోలీసులు గీయించిన ముఖం కింద ఊహాచిత్రం అని వేస్తారు. ఇంకా పునాది పడని విమానాశ్రయం బొమ్మ కిందా అదే మాట. కోట్ల ఏళ్ల కిందట అంతరించిపోయిన రాక్షసబల్లి బొమ్మ కిందా అదే. మొదటిదాన్ని చూసినవాళ్లు ఉన్నారు. రెండోదాన్ని రేపు చూస్తాం. మూడోదాన్ని ఏ మనిషీ చూడలేదు, చూడబోడు. అయినా మూడింటికీ ఒకే మాట సరిపోతోంది. చిన్నప్పటి నుంచి రాక్షసబల్లుల బొమ్మలు గీసుకునేవాణ్ణి కాబట్టి ఈ మాట మీద నాకు మమకారం ఎక్కువ. విప్పి చూడాలనిపించింది.

ఇవాళ మనం ‘అదంతా ఊహే’ అన్నామంటే అందులో నిజం లేదని కొట్టిపారేసినట్టే. కానీ ‘ఊహ తెలిసిన దగ్గర్నుంచీ’ అంటామే, అక్కడి ఊహ వేరు. తలుపు చాటున గాజుల చప్పుడు వినపడితే అమ్మ వస్తోందని పసివాడికి తెలిసే ఈడు అది. కనబడినదాన్ని పట్టుకుని కనబడనిదాన్ని చేరుకోవడం. జాతీయంలో దాక్కున్న ఈ అర్థమే పాతది.

యాగవిధుల అర్థం తేల్చే మీమాంసకులకు ఊహ పారిభాషిక పదం. జైమిని సూత్రాల్లో తొమ్మిదో అధ్యాయం దీని గురించే. అంగాలన్నీ వివరంగా చెప్పిన యాగం ప్రకృతి. దాని నమూనా మీద నడిచేది వికృతి. వికృతికి అన్నీ విడిగా చెప్పరు, ప్రకృతి నుంచి తెచ్చుకోవాలి. అక్కడ అగ్నికి ఇచ్చే హవిస్సును ఇక్కడ సూర్యుడికి ఇవ్వాల్సివస్తే, మంత్రంలో ‘అగ్నయే’ ఉన్నచోట ‘సూర్యాయ’ అనాలి. ఆ మార్పు పేరే ఊహ. అవసరమైన చోటే మార్చాలి, మిగతాది కదపకూడదు. వ్యాకరణం ఎందుకు చదవాలి అన్నదానికి పతంజలి మహాభాష్యంలో చెప్పిన ఐదు ప్రయోజనాల్లో ఊహ ఒకటి, ఎందుకంటే విభక్తులు తెలియనివాడు ఈ మార్పు చేయలేడు. ఊహించాలంటే వ్యాకరణం రావాలన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజు నాకు రాక్షసబల్లుల బొమ్మలు వేరుగా కనిపించడం మొదలైంది.

ఆ బొమ్మలు గీసేవాళ్లకు కోడి, మొసలి ప్రకృతులు. పక్షులు రాక్షసబల్లుల సంతతే. పక్షుల్ని పక్కన పెడితే ఇవాళ బతికున్నవాటిలో వాటికి దగ్గరి చుట్టాలు మొసళ్లు. ఒక లక్షణం పక్షికీ మొసలికీ ఉంటే, నడుమ ఉన్న అంతరించిన జీవికీ ఉండి ఉంటుందని ఎంచవచ్చు. రెండింటి గుండెకూ నాలుగు గదులు, కాబట్టి రాక్షసబల్లికీ నాలుగు. ఈ పద్ధతికి 1995లో లారెన్స్ విట్మర్ కట్టుదిట్టమైన రూపం ఇచ్చాడు. మీమాంసకులు చూస్తే తమ శాస్త్రమేనని గుర్తుపట్టేవారు.

ఇక్కడ మన ‘రాక్షసబల్లి’ కొంత అడ్డుపడుతుంది. 1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకు మాటలు కలిపి పెట్టిన పేరుకు ఇది తెలుగు. బల్లి అనగానే మన కళ్ల ముందుకు వచ్చేది ట్యూబులైటు పక్కన గోడకు అతుక్కున్న ప్రాణి. పిల్లవాడు గీసేటప్పుడు ఆ బూడిదరంగు చర్మాన్నే పెద్దది చేస్తాడు. ‘రాక్షసకోడి’ అని ఉంటే వాడి రంగుపెన్సిళ్ల పెట్టెలో ఇంకో నాలుగు రంగులు అరిగేవి.

కోడి దగ్గరే కాసేపు ఆగుతాను. మాంసం దుకాణంలో కత్తిపీట పక్కన కుప్పగా పడేసే కాళ్లను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ముందుకు మూడు వేళ్లు, వెనక్కి ఒకటి, పైన పలకల్లా పేర్చిన పసుపు పొలుసులు, కొనకు వంకర గోరు. రంగు సంగతి వదిలేస్తే, ఇందులో చాలావరకు రాతిలో మిగిలిన కాళ్లలోనూ ఉంది. మరి పుంజు తల మీది ఎర్రటి జుట్టు? అది ఒట్టి కండ. పుర్రెలో దాని జాడ ఉండదు. గోదావరి జిల్లాల్లో పుంజును ఈకల రంగును బట్టి పిలుస్తారు. ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ. ఈకలు పీకి ఎముకలు మాత్రం ముందు పెడితే, పందేల్లో పండిపోయిన పెద్దాయన కూడా ఏది డేగో ఏది కాకో చెప్పలేడు.

రాక్షసబల్లుల విషయంలో చాలాకాలం మనది ఆ పెద్దాయన పరిస్థితే. 2010లో అది మారింది. చైనాలో దొరికిన సైనోసారాప్టెరిక్స్ నూగులో రంగును మోసే సూక్ష్మరేణువుల జాడలు బయటపడ్డాయి. వాటి ఆకారాన్ని బట్టి తోక మీద ఎర్రగోధుమ, తెలుపు పట్టీలు ఉండేవని తేలింది. అదే ఏడాది ఆంకియోర్నిస్‌కు నెత్తిన ఎర్రని ఈకలు, రెక్కల మీద నలుపు తెలుపు ఉన్నాయని చెప్పగలిగారు. 2013లో కెనడాలో దొరికిన ఒక ఎడ్మంటోసారస్ తల మీద పుంజుకున్నట్టే మెత్తటి కండ జుట్టు రాతిలో అచ్చుపడి కనిపించింది. అప్పటిదాకా దానికి బోడితలే గీసేవారు. ఎముకలో లేనిదేదీ గీయకపోవడం జాగ్రత్తేననిపిస్తుంది. కానీ ఒంటి మీద కండా కొవ్వూ జుట్టూ లేవనడం కూడా ఊహే, అదీ ఆధారం లేని ఊహ. 2012లో జాన్ కాన్వే, కోసెమెన్, డారెన్ నైష్ తెచ్చిన ‘ఆల్ యెస్టర్డేస్’ పుస్తకంలో ఇవాళ్టి జంతువుల్ని ఎముకల్ని మాత్రమే చూసినట్టు గీశారు. అందులో హంసకు ఈకలు లేవు, రెక్కల చోట కొడవళ్ల లాంటి చేతులు. ఆ బొమ్మ చూసినప్పుడు హంస మీద జాలేసింది, ఆ వెంటనే నేను గీసిన పాత బొమ్మలన్నింటి మీదా జాలేసింది.

ఊహకు ఒక జంట ఉంది: అపోహ. బుద్ధికి ఎనిమిది గుణాలు చెప్పిన పాత జాబితాల్లో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. పెట్టి చూడటం ఊహ, నిలవనిదాన్ని తీసేయడం అపోహ. తెలుగులో అపోహ అంటే తప్పుడు అభిప్రాయం అయిపోయింది. రెండూ కలిసి ఊహాపోహలై పుకార్ల సరసన చేరాయి. చీపురు పేరు చెత్తకు పెట్టినట్టయింది. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ పనికి మనకు ఇంకో మాట లేదు.

అపోహ అసలు అర్థంలో ఎలా పనిచేస్తుందో ఇగ్వానోడాన్ అనే రాక్షసబల్లి కథ చెబుతుంది. 1825లో గిడియన్ మాంటెల్ ఆ పేరు పెట్టినప్పుడు చేతిలో ఉన్నవి ముఖ్యంగా పళ్లు. కోసుగా ఉన్న ఎముక ఒకటి దొరికితే ముక్కు మీద కొమ్ము అనుకున్నాడు. 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ఉద్యానంలో వాటర్‌హౌస్ హాకిన్స్ నిలబెట్టిన విగ్రహాలకు ఆ కొమ్ము ఇప్పటికీ ముక్కు మీదే ఉంది. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ బొగ్గుగనిలో అస్థిపంజరాలకు అస్థిపంజరాలే బయటపడ్డాయి. వాటిని పరిశీలించిన లూయీ డోలో కొమ్మును ముక్కు మీంచి తీసి బొటనవేలికి పెట్టాడు. మాంటెల్ ఊహించకపోతే డోలోకు తీసేయడానికి ఏమీ ఉండేది కాదు.

మనకూ ఒక రాక్షసబల్లి ఉంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర వందల ఎముకలుగా దొరికింది. 1988లో పి. యాదగిరి దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఒకటి కాదు, కనీసం డజను జంతువుల ఎముకలవి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంది. వెళ్లినవాళ్లు తలెత్తి దాని ముఖంలోకి చూస్తారు. అన్ని ఎముకల్లోనూ పుర్రె మాత్రం దొరకలేదు. దొరికినవి రెండు పళ్లు.

మొన్న దాన్ని గీయడానికి కూర్చున్నాను. కాళ్లు, నడుము, వెన్నుపూసలు, మెడ దాకా పెన్సిలు ఒత్తి గీశాను. పైన చర్మం, కండ వేసేటప్పుడు కోడినీ మొసలినీ మాటిమాటికీ గుర్తుచేసుకున్నాను. తల దగ్గరికి వచ్చేసరికి చేయి తేలికైంది. ఆ రెండు పళ్లు మాత్రం గట్టిగా గీసి, వాటి చుట్టూ దవడను చుక్కలతో కలిపాను. రబ్బరు పక్కనే పెట్టుకుని, కింద చిన్న అక్షరాలతో రాశాను: ఊహాచిత్రం.