గంటం నుండి మౌసు వరకు: మణికట్టు కథ

కుప్పం నుండి బెంగుళూరు వైపు పోయే రైలు ఎక్కినవారికి కొద్దిసేపటిలోనే గుడుపల్లె స్టేషను కనిపిస్తుంది. చిత్తూరు జిల్లాకు ఒక కొసన, కర్ణాటక సరిహద్దు ప్రక్కన ఉన్న మండలమిది. జోలార్‌పేట, బెంగుళూరుల మధ్య ఈ రైలుదారి 1864లో తెరవబడినది. బండ్లు క్షేమంగా నడవాలంటే ఒక స్టేషను నుండి మరొక స్టేషనుకు ముందుగా కబురు అందవలెను. అందువల్ల రైలుపట్టాల వెంట తంతితీగెలు కూడ సాగినవి. సరిగా నూరేండ్ల తరువాత, 1964లో, అమెరికాలో ఒక చిన్న కొయ్యపెట్టె తయారయింది. కంప్యూటరు మౌసుకు అదే మూలరూపం. 2002 నాటికి ఆ మౌసు గుడుపల్లె ప్రాంతపు పల్లెలకు కూడ వచ్చి చేరింది.

తంతి రాకముందే గ్రామంలో వ్రాతపని ఉన్నది. అది కరణంగారిది. మొదట తాటాకుపై గంటంతోను, తరువాత కాగితంపై కలంతోను గ్రామపు లెక్కలు వ్రాయబడినవి. గంటం, తంతిమీట, మౌసు – ఈ మూడు పనిముట్లకు పోలిక ఏమున్నదని తోచవచ్చును. కాని మూడింటినీ నడిపేది ఒకే మణికట్టు. మూడింటి చరిత్రలోను ఒకే ప్రశ్న మరల మరల తలయెత్తింది. చేయి నొచ్చినప్పుడు లోపం మనిషిలో ఉన్నదా, పనిముట్టులో ఉన్నదా, లేక పని జరిగే తీరులో ఉన్నదా?

వ్రాయసకాండ్ర జబ్బు

ఈ ప్రశ్నను మొదట శాస్త్రీయంగా పరిశీలించిన వారిలో ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ (1633–1714) ముఖ్యుడు. వివిధ వృత్తులవారికి కలిగే వ్యాధులను గురించి ఆయన లాటిన్ భాషలో వ్రాసిన గ్రంథం 1700లో మోడెనా నగరంలో వెలువడింది. వైద్యుడు రోగి నాడిని చూచి ఊరుకొనక, అతడు ఏ పని చేసి బ్రతుకుతున్నాడో కూడ అడిగి తెలుసుకోవాలని ఆయన బోధించాడు.

1713లో వచ్చిన విస్తృతమైన కూర్పులో రామజ్జినీ వ్రాయసకాండ్ర బాధలను వివరించాడు. అందుకు ఆయన చూపిన కారణాలు మూడు. ఒకటి, కదలక కూర్చుండుట. రెండు, చేతిని ఎడతెగక ఒకే దిశలో కదపుట. మూడు, తప్పు పడకూడదనే మనస్సులోని ఒత్తిడి. ఆయనకు తెలిసిన ఒక వ్రాయసకాని కుడిచేయి క్రమంగా అలసి, చివరకు పడిపోయింది. అతడు పట్టుదలతో ఎడమచేతి వ్రాత నేర్చుకొన్నాడు. కొంతకాలానికి ఎడమచేతికి కూడ అదే గతి పట్టింది. ఈ ఉదాహరణ గమనింపదగినది. చేయి మారింది, కాని పని తీరు మారలేదు. అందువల్ల జబ్బు కూడ మారలేదు.

తంతివారి చేయి

పందొమ్మిదవ శతాబ్దంలో మోర్సు తంతి వ్యాపించిన తరువాత వ్రాయసకాని బాధ తంతి ఉద్యోగికి సంక్రమించింది. మీటను పైకీ క్రిందికీ దినానికి వేలసార్లు తట్టవలసి రావడంతో చేతికి పట్టు తప్పేది. అమెరికా తంతివారు దీనిని 'గాజు చేయి' అని పిలిచేవారు. బ్రిటన్‌లో 1908లో దీనిని నష్టపరిహారానికి అర్హమైన వృత్తివ్యాధుల పట్టికలో చేర్చారు. అయితే 1911లో నివేదిక ఇచ్చిన ప్రభుత్వ సంఘం, పని వలన కలిగే అలసటతోపాటు ఉద్యోగి నరాల బలహీనత కూడ కారణమని చెప్పింది. అంటే తప్పులో కొంత భాగాన్ని మనిషిమీదనే మోపింది.

ఇంతలో మరొకరు పనిముట్టునే మార్చి చూచారు. అమెరికాలో హొరేస్ మార్టిన్ అనే తంతి ఉద్యోగి 1904లో 'వైబ్రోప్లెక్స్' అనే క్రొత్త మీటకు పేటెంటు పొందాడు. దీనిని పైనుండి క్రిందికి తట్టనక్కరలేదు. ప్రక్కకు నెడితే చాలును. ఒక వైపు నెట్టగానే లోపలి స్ప్రింగు కంపించి చుక్కల వరుసను తనంతట తానే పంపుతుంది. చేతి కదలిక దిశ మారింది, కదలికల సంఖ్య తగ్గింది. శరీరానికి తగినట్లు పనిముట్టును దిద్దవలెనన్న భావానికి ఇది చక్కని తొలి ఉదాహరణ. ఈ శాస్త్రానికి పేరు మాత్రం అంతకు ముందే పుట్టింది. పోలండు దేశపు శాస్త్రజ్ఞుడు యాస్త్షెంబోవ్‌స్కీ 1857లోనే పని, నియమం అనే అర్థాలుగల రెండు గ్రీకు మాటలను కలిపి 'ఎర్గొనామిక్స్' అనే పదాన్ని కల్పించాడు. 1949 తరువాత బ్రిటన్‌లో ఈ పేరుతోనే ప్రత్యేకశాస్త్రం రూపొందింది.

కొయ్యపెట్టె కథ

ఇక మౌసు సంగతి. కాలిఫోర్నియా రాష్ట్రంలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ (1925–2013) దీనిని ఊహించగా, ఆయన సహచరుడు బిల్ ఇంగ్లీష్ 1964లో మొదటి నమూనాను తయారుచేశాడు. కొయ్యపెట్టె అడుగున ఒకదానికొకటి లంబంగా రెండు చక్రాలు ఉండేవి. ఒకటి అడ్డ కదలికను, రెండవది నిలువు కదలికను కొలిచేవి. పాఠశాలలో గ్రాఫు కాగితంపై ఎక్స్, వై అక్షాలతో బిందువును గుర్తించే పద్ధతియే ఇది. తోకవలె తీగె ఉండుటచేత దానికి ఎలుక అనే పేరు నిలిచింది.

1966 ప్రాంతంలో ఆ బృందం మౌసును కాంతికలం, జాయ్‌స్టిక్, మోకాలితో నడిపే సాధనం మొదలైనవాటితో పోల్చి పరీక్షించింది. అలవాటుపడినవారి చేతిలో మౌసు ముందు నిలిచింది. అయితే ఆ పరీక్షలో కొలిచినవి వేగం, తప్పుల సంఖ్య. ఏండ్ల తరబడి దినమంతా దానిని పట్టుకొనేవాని మణికట్టు ఏమవుతుందనేది అప్పటి ప్రశ్న కాదు. పైగా ఎంగెల్‌బార్ట్ పద్ధతిలో కుడిచేతికి మౌసు, ఎడమచేతికి అయిదు మీటల చిన్న పలక ఉండేవి. పని రెండు చేతులకు పంచబడేది. 1973లో జిరాక్స్ ఆల్టో, 1984లో ఆపిల్ మాకింతోష్ వచ్చి మౌసును ప్రపంచానికి పరిచయం చేసినప్పుడు ఆ ఎడమచేతి పలక జనంలోనికి రాలేదు. పైగా కీబోర్డు కుడివైపున అంకెల మీటలు చేరుటవలన మౌసు ఇంకా దూరంగా జరిగింది. భారమంతా కుడి భుజంపై పడింది.

1980 దశకంలో ఆస్ట్రేలియాలో వేలకొలది కార్యాలయ ఉద్యోగులు చేతినొప్పులతో వైద్యుల వద్దకు వచ్చారు. ఇది శరీరవ్యాధియా, మనోవ్యాధియా అని అక్కడ పెద్ద వాదం చెలరేగింది. 1911 నాటి తంతివారి వాదమే మరల వినవచ్చింది.

ముంజేతిలో ఏమి జరుగుతుంది?

వాదాన్ని పరిష్కరించాలంటే ముందు ముంజేతి నిర్మాణం తెలియవలెను. ముంజేతిలో రత్ని, అరత్ని అని రెండు ఎముకలు ఉన్నవి. అరచేయి ఆకాశంవైపు ఉన్నప్పుడు ఇవి ప్రక్కప్రక్కన సమాంతరంగా ఉంటవి. అరచేతిని బోర్లించగానే రత్ని అరత్నిమీదుగా అడ్డంగా దాటుతుంది. విద్యార్థులు దీనిని స్వయంగా తెలుసుకోవచ్చును. ఎడమచేతి వ్రేళ్లతో కుడి ముంజేతిని మధ్యలో పట్టుకొని, కుడి అరచేతిని నెమ్మదిగా పైకి, క్రిందికి త్రిప్పినచో ఎముక కదలడం వ్రేళ్లకు తగులుతుంది. మామూలు మౌసును పట్టినంతసేపు ముంజేయి ఈ మెలితిరిగిన స్థితిలోనే ఉంటుంది. ఎదుటివారికి కరచాలనం ఇచ్చేటప్పుడు ఉండే స్థితి దీనికంటె సహజమైనది.

మణికట్టు వద్ద మణిబంధాస్థులు ఒక కాలువవలె అమరి ఉన్నవి. ఆ కాలువపై గట్టి పట్టీ ఒకటి మూతవలె ఉన్నది. ఆ ఇరుకుసందు గుండా వ్రేళ్లను ముడిచే తొమ్మిది స్నాయుబంధనాలు, మీడియన్ అనే నరం కలిసి పోవలెను. బొటనవ్రేలు, చూపుడు వ్రేలు, నడిమి వ్రేలు, ఉంగరపు వ్రేలిలో సగం – వీటి స్పర్శజ్ఞానం ఈ నరానిదే. మణికట్టును వెనుకకు వంచినప్పుడు ఆ సందులో పీడనం పెరుగుతుంది. 1999లో అమెరికాలో కైర్, బాక్, రెంపెల్ అనే పరిశోధకులు 14 మంది ఆరోగ్యవంతుల మణికట్టులో ఈ పీడనాన్ని కొలిచారు. మౌసుతో తెరమీది బొమ్మలను లాగుతున్నప్పుడు అది సుమారు 30 మిల్లీమీటర్ల పాదరసానికి చేరింది. చేతిని మౌసుమీద ఊరక ఉంచినప్పటికంటె ఇది చాల ఎక్కువ.

అయితే ఇంతమాత్రాన మౌసు పట్టినవారందరికీ నరం దెబ్బతింటుందని అనరాదు. 2003లో వెలువడిన డెన్మార్కు పరిశోధనలో సుమారు 7000 మంది ఉద్యోగులను పరిశీలించారు. వారానికి 20 గంటలకు మించి మౌసు వాడినవారిలో నరపు లక్షణాలు కొంత ఎక్కువగా కనిపించినా, కంప్యూటరు వాడకం ఈ వ్యాధికి పెద్ద కారణమని చెప్పుటకు ఆధారం చాలలేదు. మౌసువలన తరచుగా కలిగేది ముంజేయి, భుజం, మెడ కండరాల నొప్పి. ఇది నరపు జబ్బు కంటె చిన్నదే గాని, దినమూ పని చేయవలసినవానికి తక్కువ బాధ కాదు.

నిలువు మౌసు

మెలితిరిగిన ముంజేతిని సరిచేయవలెనన్న ఆలోచనతో పుట్టినదే నిలువు మౌసు. దీనిని పట్టినప్పుడు చేయి కరచాలనపు స్థితిలో ఉంటుంది. వైబ్రోప్లెక్స్ మీటవలెనే ఇది కూడ చేతి స్థితిని, కదలికను మార్చే ఉపాయం. నార్వేలో ఆరాస్, ఆయన సహచరులు చేసిన పరీక్షలో, నొప్పితో బాధపడుతున్న ఉద్యోగులకు ఈ విధమైన మౌసు ఇవ్వగా ఆరు నెలలలో వారి నొప్పి తగ్గింది. కాని 2015లో ప్రచురితమైన మరొక పరిశోధన జాగ్రత్త చెప్పింది. మణికట్టులో నరం నొక్కుకొన్న రోగులు నిలువు మౌసును పట్టినప్పుడు మణికట్టు వంపు మారినది గాని, లోపలి పీడనం తగ్గలేదు.

2006లో రెంపెల్ బృందం టెలిఫోన్ సేవాకేంద్రంలోని 182 మంది ఉద్యోగులపై ఏడాదిపాటు చేసిన పరీక్ష ఇంకొక మెట్టు ముందుకు పోయింది. స్పష్టమైన మేలు చూపినది ఖరీదైన యంత్రం కాదు, బల్ల అంచుకు అమర్చిన ఒక వెడల్పాటి పలక. ముంజేయి దానిపై ఆనుకొని ఉండుటచేత భుజానికి చేతిని మోసే భారం తప్పింది. మెడనొప్పి, భుజంనొప్పి తగ్గినవి. చేయి మొత్తానికి ఆధారం కావలెనే గాని, అరచేతి క్రిందిది మార్చినంత మాత్రాన చాలదన్నమాట.

చేతికి పని లేకుండానే కంప్యూటరును నడపవలెనన్న ప్రయత్నం కూడ మౌసుతోపాటే మొదలైనది. చిత్తూరు జిల్లాలోని కాటూరులో 1937లో జన్మించిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, మౌసు పుట్టిన ప్రాంతానికి చేరువలోనే ఉన్న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, యంత్రం మాటలను గుర్తించుటపై పరిశోధించి 1966లో డాక్టరేటు పొందాడు. 1994లో ట్యూరింగ్ బహుమతిని పంచుకొన్నాడు. చేతినొప్పిగలవారు నోటిమాటతో వ్రాయగలుగుటకు ఇటువంటి పరిశోధనలే దారి చూపినవి.

గుడుపల్లె బల్లముందు

2002లో హ్యూలెట్-పాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పం నియోజకవర్గంలో మూడేండ్ల పథకాన్ని ప్రారంభించింది. గుడుపల్లె మండలం కూడ అందులోనిదే. పల్లెలలో సమాచార కేంద్రాలు వెలసినవి. స్వయంసహాయక సంఘాల స్త్రీలు సూర్యశక్తితో పనిచేసే అచ్చుయంత్రాలతో ఫొటోలు తీసి సంపాదించుట నేర్చారు. 2011లో మీసేవ చిత్తూరు జిల్లాలోనే మొదట ఆరంభమయింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ఏర్పడినప్పుడు డిజిటల్ అసిస్టెంటు అనే ఉద్యోగం గ్రామానికి వచ్చింది. 1984లో కరణీకం రద్దయిన తరువాత, గ్రామపు వ్రాత ఈ విధంగా మరల ఒక బల్లముందుకు చేరింది.

ఆ బల్లముందు కూర్చున్నవానికి రామజ్జినీ చెప్పిన మూడు కారణాలు నేటికీ వర్తిస్తవి: కదలని కూర్చోవడం, ఒకే విధమైన కదలిక, ఎదుట వరుసకట్టిన జనం కలిగించే తొందర. నిలువు మౌసు కొనుట అందరికీ సాధ్యం కాకపోవచ్చును. అది లేకపోయినా చేయవలసినది చాల ఉన్నది. బల్ల మోచేతి ఎత్తుకు మించరాదు. బల్లను తగ్గించలేనప్పుడు కుర్చీని ఎత్తుచేసి, పాదాల క్రింద ఒక పీట వేసుకోవచ్చును. మౌసు కీబోర్డుకు దగ్గరగా ఉండవలెను. చేయి చాచి అందుకోరాదు. ముంజేయి బల్లపై ఆని ఉండవలెను, మణికట్టు మాత్రం బల్ల అంచుకు ఒరుసుకోరాదు. మణికట్టును విసరక, మోచేతి నుండి కదపవలెను. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు నడవవలెను. వ్రేళ్లలో తిమ్మిరి రాత్రిపూట నిద్ర లేపుతున్నచో వైద్యునికి చూపవలెను.

పాఠశాలలోని కంప్యూటరు గదిలో పదేండ్ల పిల్లవాడు, పదహారేండ్ల యువకుడు ఒకే ఎత్తుగల బల్లముందు కూర్చుంటారు. చిన్నవాని భుజం చెవివరకు లేచి ఉంటే అది వాని అల్లరి కాదు, బల్ల ఎత్తు. ఉపాధ్యాయుడు దానిని గమనించి ఒక దిండో, నాలుగు పుస్తకాలో వేసి వానిని ఎత్తుచేస్తే, మూడువందల ఏండ్లుగా వైద్యులు చెబుతూ వచ్చిన మాట ఆ గదిలో అమలయినట్లే.