ఆరో వేలు

శింగనమల నియోజకవర్గంలోని గార్లదిన్నె మండలంలో ఇల్లూరు అనే పల్లె ఉంది. వాన కోసం ఆకాశం కేసి చూసే ఈ సీమలో 1913లో నీలం సంజీవరెడ్డి పుట్టారు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్‌లో ఆంధ్ర నుంచి నలుగురు, తెలంగాణ నుంచి నలుగురు నాయకులు ఒక కాగితంపై సంతకాలు చేశారు. అదే పెద్దమనుషుల ఒప్పందం. ఆంధ్రతో విలీనమంటే తెలంగాణలో గుబులుండేది: కొలువులు పోతాయని, నిధులు తరలిపోతాయని. ఆ భయం తీర్చడానికే ఈ రాజీ. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలన్నది అందులో ఒక షరతు.

సంతకం పెట్టిన సంజీవరెడ్డే నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఉపముఖ్యమంత్రిని మాత్రం పెట్టుకోలేదు. ఆ పదవి చేతికి ఆరో వేలు లాంటిదని ఆయన అన్నారని చెప్పుకుంటారు. మాట చమత్కారమే గానీ, సిరా ఆరకముందే నమ్మకానికి గండి పడింది.

1960లో దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రిగా వచ్చాకే కె.వి.రంగారెడ్డికి ఆ పదవి దక్కింది. అప్పటికే ఆలస్యమైంది. 1969లో ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ భగ్గుమంది. ఉద్యమానికి ముందు నిలిచిన మర్రి చెన్నారెడ్డి, 1956 నాటి ఆ కాగితం మీద సంతకం చేసిన ఎనిమిది మందిలో ఒకరు.