పంక్తి నుంచి పంచనామాకు: తెలుగునాట హోటళ్ల శుభ్రతా చరిత్ర

డబ్బు తీసుకుని అన్నం పెట్టే వృత్తి తెలుగునాట చాలా పాతది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం, రూక చెల్లిస్తే కడుపునిండా భోజనం దొరికే ఓరుగల్లు పూటకూటి ఇంటిని వర్ణిస్తుంది. 1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటికి విజయనగరం పూటకూళ్లమ్మ రంగస్థలం మీద ఒక ముఖ్యపాత్ర. ఇటువంటి ఇళ్లలో వండేవారు ఎవరో, వారి కులమేమిటో, ఆచారం ఎటువంటిదో ఊరివారికి ముందే తెలిసి ఉండేది కాబట్టి తినేవాడికి వేరే హామీ అవసరం కాలేదు. రైలు మార్గాలు, జిల్లా కోర్టులు, కాలేజీలు వచ్చి అపరిచితులు ఒకే పట్టణంలో భోజనానికి చేరినప్పుడు, ఆ హామీని గోడ మీదికి ఎక్కించవలసి వచ్చింది. ‘బ్రాహ్మణ భోజన హోటలు’ అన్న బోర్డు పుట్టుక అదే. లోపల పంక్తిలో, అంటే వరసగా కూర్చుని భోజనం చేసే చోట, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ఆ బోర్డే నిర్ణయించేది.

ఈ హామీకి ఆధారం మడి. స్నానం చేసి, ఇతరులు తాకని బట్ట కట్టుకుని, వంట ముగిసేదాకా ఎవరినీ అంటకుండా ఉండే నియమాన్ని మడి అంటారు. అందులో శుభ్రత అసలే లేదనడం న్యాయం కాదు. రోజూ స్నానం చేయడం, గిన్నెలు తోముకోవడం, ఎంగిలి కలవకుండా చూడటం రోగాన్ని కొంతవరకు అడ్డుకునే అలవాట్లే. కాని మడి అడిగే ప్రశ్న ఎవరు తాకారన్నదే తప్ప నీళ్లు ఎక్కడివి, తూము ఎటు పోతోంది, వండేవాడికి విరేచనాలు ఉన్నాయా అన్నది కాదు. 1884లో రాబర్ట్ కోచ్ కలకత్తాలో కలరా రోగులను పరీక్షించి, వారు వాడిన చెరువు నీటిలోనూ ఆ క్రిమిని గుర్తించిన తరువాత, మడితో తోడిన నీరు కూడా ప్రాణం తీయగలదన్నది తేలిపోయింది. ఆ జ్ఞానం హోటలు వంటగదికి చేరడానికి మాత్రం మరో రెండు తరాలు పట్టింది, ఆ ఆలస్యానికి మూల్యం యాత్రాస్థలాలలో, సంతలలో తిన్న పేదలే ఎక్కువగా చెల్లించారు.

ప్రభుత్వం వైపు నుంచి తొలి అడుగులు మందకొడిగా పడ్డాయి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 272, 273 సెక్షన్లు కల్తీ ఆహారం, హానికరమైన ఆహారం అమ్మడాన్ని నేరంగా చెప్పి, ఆరు నెలల జైలో, వెయ్యి రూపాయల జుర్మానానో, రెండూనో విధించవచ్చన్నాయి. వంటగదిని చూడటానికి వెళ్లే మనిషిని మాత్రం అవి ఏర్పాటు చేయలేదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు రాజధానిలో 1918లో కల్తీ నిరోధక చట్టం, 1939లో ప్రజారోగ్య చట్టం వచ్చాయి. నిజాం పాలనలోని తెలంగాణకు ఇవి వర్తించలేదు.

1955 జూన్ 1న జరిగినదానికి ఈ చరిత్రలో దక్కవలసినంత చోటు దక్కలేదు. ఆ రోజు రెండు కేంద్ర చట్టాలు ఒకేసారి అమలులోకి వచ్చాయి. మొదటిది 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం. అపరిశుభ్రమైన చోట వండి, కట్టి, నిలవ ఉంచి అందువల్ల చెడిన ఆహారాన్ని కూడా కల్తీగానే లెక్కించి, దుకాణంలోకీ హోటల్లోకీ వెళ్లి నమూనా తీసే అధికారాన్ని అది ఫుడ్ ఇన్‌స్పెక్టరుకు ఇచ్చింది. రెండోది అస్పృశ్యతా నేరాల చట్టం. హోటల్లోకి ప్రవేశాన్ని అంటరానితనం పేరిట నిరాకరించడమే కాదు, అక్కడ ప్రజల కోసం ఉంచిన పాత్రలను వాడనివ్వకపోవడం కూడా దాని నాలుగో సెక్షను ప్రకారం శిక్షార్హమైంది. అప్పటికి తెలుగు జిల్లాలు ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రాల మధ్య చీలి ఉన్నా రెండు చట్టాలూ రెండు చోట్లా వర్తించాయి. తేదీ కలవడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా వంటవాడి పుట్టుకను శుభ్రతకు రుజువుగా చూపే హక్కును హోటలు యజమాని నుంచి తీసివేసి, ఆ రుజువును వంటగదిలోనే వెతకమని అధికారిని పంపిన రోజు అది.

అయితే ఈ రెండు పనులను ఒకే చూపుతో చేసే యంత్రాంగం ఏర్పడలేదు. టీ దుకాణాలలో దళితులకు వేరే గ్లాసు పెట్టి, తాగినవారితోనే కడిగించిన రెండు గ్లాసుల పద్ధతి చట్టం వచ్చిన ఎన్నో దశాబ్దాల దాకా తెలుగు పల్లెలలో సాగింది. పాలలో నీళ్లు కొలవడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు పని ఆ గ్లాసులను చూడటం కాదు. ఇది క్షమించరాని ఖాళీ.

నమూనా తీసే విధానం కూడా తినేవాడి కంటే కోర్టును ఎక్కువగా దృష్టిలో పెట్టుకున్నది. సాక్షుల ఎదుట కొన్న పదార్థాన్ని మూడు భాగాలు చేసి, సీలు వేసి, తొలినాళ్లలో ఒకటి అమ్మకందారుకు, ఒకటి పబ్లిక్ అనలిస్టు అనే ప్రభుత్వ పరీక్షకునికి ఇచ్చి, మూడోది ఇన్‌స్పెక్టరు తన వద్ద ఉంచుకునేవాడు. జరిగినదంతా రాసి సంతకాలు తీసుకునే పత్రమే పంచనామా. నిందితుడు కోరితే నమూనాను కేంద్ర ప్రయోగశాలకు పంపాలి. 1960ల నాటి ఢిల్లీ కేసు ఒకదానిలో ప్రాసిక్యూషను ఆలస్యం వల్ల పెరుగు నమూనా పరీక్షకు పనికిరాకుండా పాడైపోగా, నిందితుని హక్కుకు భంగం కలిగిందని సుప్రీంకోర్టు విడుదల తీర్పునే నిలబెట్టింది. న్యాయం దృష్ట్యా ఆ తీర్పు సరైనదే. కాని ఏళ్ల తరబడి ఫైలులో నలిగిన ఇటువంటి సమాచారం హోటల్లో రోజూ తినేవాడికి ఎన్నడూ చేరలేదు.

2006లో చేసిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5న అమలులోకి వచ్చి పాత చట్టం స్థానాన్ని తీసుకున్నాక చూపు సరుకు నుంచి వంటగదికి మళ్లింది. లైసెన్సు నిబంధనల నాలుగో షెడ్యూలు నీరు, తూములు, ఈగలు, ఎలుకలు, నిలవ ఉంచే చల్లదనం గురించి వివరంగా చెబుతుంది. వంటవారికి ఏడాదికొకసారి వైద్య పరీక్ష, టైఫాయిడ్ వంటి పేగు జబ్బులకు టీకా తప్పనిసరి చేస్తుంది. లోపాలు కనబడితే ముందు మెరుగుదల నోటీసు ఇస్తారు, అంటే గడువు పెట్టి సరిదిద్దుకోమంటారు. 2024లో తెలంగాణ ఆహార భద్రతా కమిషనర్ టాస్క్‌ఫోర్స్ బృందాలు హైదరాబాదు హోటళ్లను తనిఖీ చేసి, గడువు తీరిన సరుకులను, మూతలేని పాత్రలను, బొద్దింకలను హోటలు పేరుతో సహా సామాజిక మాధ్యమంలో బయటపెట్టాయి. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీ 1998 నుంచి తనిఖీ ఫలితాన్ని ఏ, బీ, సీ అక్షరాలుగా హోటలు ద్వారం దగ్గరే అతికిస్తున్నది. ఇక్కడ ఆ ఫలితం ఫోనులో కనబడటానికే కాలు శతాబ్దం ఆలస్యమైంది.

పెద్ద హోటళ్లకు లైసెన్సు ఉంటే, చిన్న టిఫిన్ సెంటర్లకూ తోపుడు బండ్లకూ రిజిస్ట్రేషను ఉంటుంది. వాటిని కూడా ఏడాదికి ఒకసారైనా తనిఖీ చేయాలని 2011 నిబంధనలే చెబుతున్నాయి. కూలీలు, విద్యార్థులు, ఆటో డ్రైవర్లు పొద్దున్నే తినేది అక్కడే కాబట్టి, ఆ తనిఖీలో తేలినది ఇడ్లీ పాత్ర పక్కన తెలుగులో అతికించి ఉండటం వారికి దక్కవలసిన హక్కు.