హెరెషాఫ్ నౌకాశాల

అమెరికా సంయుక్తరాష్ట్రములలో రోడ్ ఐలండ్ అను మిక్కిలి చిన్న రాష్ట్రము కలదు. అందు బ్రిస్టల్ అను రేవుపట్టణమున ఒకే నౌకాశాలయందు నిర్మింపబడిన క్రీడానౌకలు 1893 మొదలు 1934 వఱకు జరిగిన అమెరికా కప్పు పందెములన్నిటను ఆ దేశమునకు జయము సమకూర్చినవి. ఇట్టి ఘనత మఱి యే నౌకాశాలకును దక్కలేదు.

ఈ శాలకు మూలపురుషులు ఇరువురన్నదమ్ములు. అన్న జాన్ బ్రౌన్ హెరెషాఫ్ కౌమారముననే చూపు కోల్పోయినను, పడవల నిర్మాణమందలి ఆసక్తిని విడువక, 1863లోనే ఆ వృత్తిని చేపట్టెను. తమ్ముడు నాథనేల్ ఎం.ఐ.టి.లో చదివి, ప్రావిడెన్స్‌లోని కార్లిస్ ఆవిరియంత్రముల కర్మాగారమున పనిచేసి, 1878లో అన్నతో కలిసి హెరెషాఫ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీని స్థాపించెను. బేరసారములును, మూలధనమును, పనివారి నిర్వహణమును అన్న వంతు; రూపకల్పనము తమ్ముని వంతు. కాగితముపై గీతలు గీయుటకు మునుపే నాథనేల్ నౌకాకృతిలో ఒక ప్రక్కభాగమును కొయ్యలో చెక్కెడివాడు. ఆ నమూనాను జాన్ చేతివ్రేళ్లతో తడవి, దాని వంపులలోని గుణదోషములను గ్రహించి చెప్పెడివాడు. చూపులేని వాని స్పర్శయు, చూపున్న వాని ఉలియు ఒక్క కొయ్యముక్కపై కలిసికొన్న ఆ ఘడియలలోనే ఈ సంస్థ బలమంతయు ఇమిడియున్నదని నా విశ్వాసము.

తొలినాళ్ల కీర్తి ఆవిరిపడవలది. 1885లో వీరి స్టిలెట్టో, హడ్సన్ నదిపై వేగమునకు పేరొందిన మేరీ పవెల్ అను ఓడను ఓడింపగా, తరువాత నావికాదళము దానిని కొని టార్పీడో పడవగా మార్చుకొనెను. 1891లో గ్లోరియానా అను తెరచాపనౌక వెలువడిన పిదప తెరచాప పందెములలో నాథనేల్‌కు ఎదురులేకపోయెను. అయినను ఆతడు గెలుపుతో తృప్తినొంది ఊరకుండువాడు కాడు. 1895 నాటి కప్పు పందెపు నౌకయైన డిఫెండరునకు నీటి దిగువ కంచుపలకలు, ఎగువ అల్యూమినియపు పలకలు, లోపల ఉక్కుటెముకలు అమర్చి బరువు తగ్గించెను. అది గెలిచెను గాని, ఉప్పునీటిలో ఆ లోహములు ఒండొంటిని తినివేయగా కొలదియేండ్లకే శిథిలమయ్యెను. 1903 నాటి రిలయన్స్ 16,000 చదరపుటడుగులకు మించిన తెరచాపను ధరించి, ఆ కప్పునకై సవాలు చేసిన సర్ థామస్ లిప్టన్ పంపిన మూడవ షామ్‌రాక్‌ను జయించెను. ఒక్క వేసవి గెలుపుకొఱకై ఇంత ప్రతిభయు, ఇంత ధనమును వ్యయించుట తగునాయని కొందఱడుగవచ్చును. కాని ఆ సాహసము లేనిచో నౌకాశిల్పము అంత త్వరితముగ ముందునకు సాగియుండదు.

1915లో జాన్ మరణించెను. వ్యవహారదక్షుడు పోయినంతనే యాజమాన్యము కదలెను. 1917 ప్రాంతమున సంస్థ ఆ కుటుంబమునకు వెలుపలి ధనికుల వశమయ్యెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము పెద్ద క్రీడానౌకలకు గిరాకి సన్నగిల్లగా, 1924లో శాల వేలమునకు వచ్చెను. బీరు వ్యాపారమున ధనవంతుడైన బ్రిస్టల్ వాసి రుడాల్ఫ్ హాఫెన్‌రెఫర్ దానిని కొని, ఛిన్నాభిన్నము కాకుండ కాపాడెను. ఈతని ఉపకారమును చరిత్రకారులు ఇంకను ఘనముగ చెప్పవలసియున్నది. ఏలయన ఈతడు కొట్లను మాత్రమే కొనలేదు, పనివారి నైపుణ్యమును నిలువబెట్టెను, నాథనేల్ కుమారుడు సిడ్నీకి రూపకర్త స్థానమొసగెను. 1930లో ఎంటర్‌ప్రైజ్, 1934లో రెయిన్‌బో విజయములు స్టార్లింగ్ బర్జెస్ రూపకల్పనమున జరిగినను, అవి అవతరించినది ఈ శాలయందే.

నాథనేల్ 1938లో కాలధర్మము నొందెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున శాల నావికాదళమునకు పడవలు నిర్మించి, 1945లో మూతపడెను. ఆ స్థలమున 1971లో హెరెషాఫ్ వస్తుప్రదర్శనశాల ఏర్పడెను. 1914లో బాలబాలికల శిక్షణకై నాథనేల్ రూపొందించిన పన్నెండున్నర అడుగుల నీటిగీత గల చిన్న పడవలు మాత్రము, యజమానులెందఱు మాఱినను, నేటికిని న్యూ ఇంగ్లండు తీరమున పందెములాడుచున్నవి.