కాళ్ల వాపూ, ఉప్పుడు బియ్యమూ

మన గదుల్లో ఎవరికైనా కాళ్లు వాస్తే "డ్యూటీలో నిలబడి నిలబడి వచ్చిందిలే" అనుకుంటాం. వందేళ్ల కిందట ఇదే మలయా గడ్డ మీద కాళ్ల వాపుతో మొదలై ప్రాణం తీసే జబ్బు ఒకటుండేది. దాని పేరు బెరిబెరి. పాదాల్లో తిమ్మిర్లు, పిక్కల్లో నొప్పి. గొంతుక్కూర్చున్న మనిషి చేతులు ఆన్చకుండా లేవలేడు. ఆ తర్వాత వాపు, ఆయాసం, చివరికి గుండె ఆగిపోవడం. తగరపు గనుల్లో చైనా కూలీలు దీంతో గుంపులు గుంపులుగా పోయారు. అంటురోగమని కొందరు డాక్టర్లు, తిండిలో ఉందని కొందరు వాదించుకున్నారు.

నెగెరి సెంబిలన్‌లో సర్జన్‌గా ఉన్న బ్రాడన్ ఒక తేడా పట్టుకున్నాడు. దక్షిణాది కూలీలకు (ఎక్కువమంది తమిళులు) ఈ జబ్బు అరుదు. చైనావాళ్లు తినేది బాగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం, వీళ్లు తినేది ఉప్పుడు బియ్యం.

కౌలాలంపూర్ పిచ్చాసుపత్రిలో డాక్టర్ ఫ్లెచర్ దీన్ని పరీక్షించాడు. 1905 డిసెంబర్ 5న రోగులందర్నీ భోజనాల షెడ్డులో వరసగా నిలబెట్టి నంబర్లు వేశారు. బేసి నంబర్లు తూర్పు వార్డుకి, వాళ్లకి ఎప్పటి తెల్లబియ్యమే. సరి నంబర్లు పడమటి వార్డుకి, వాళ్లకి ఉప్పుడు బియ్యం. ఏడాది తిరిగేసరికి తెల్లబియ్యం తిన్న 120 మందిలో 18 మంది బెరిబెరితో చనిపోయారు. రెండో వైపు 123 మందిలో దీంతో ఒక్కరూ పోలేదు. మధ్యలో వార్డులు తారుమారు చేసినా జబ్బు బియ్యం వెంటే వెళ్లింది. సరేనని చెప్పగల స్థితి లేని మనుషుల మీద చేసిన ప్రయోగమిది, ఆ మాటా మరిచిపోకూడదు. తర్వాత ఫ్రేజర్, స్టాంటన్ రోడ్డు పనిలో ఉన్న జావా కూలీల మీదా ఇదే తేల్చారు.

వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని థయమిన్, అంటే బి1 విటమిన్, గింజలోకి దిగుతుంది. తర్వాత మిల్లు పట్టినా చాలా భాగం నిలుస్తుంది. పచ్చి బియ్యంలో అది తవుడుతోనే పోతుంది. మిగిలిన కాస్తా కడుగునీళ్లలో, వార్చిన గంజిలో మనమే పారబోస్తాం. ఆ విటమిన్‌ను 1926లో జావాలో యాన్సెన్, డోనాత్ వేరు చేశారు.

ఉప్పుడు బియ్యం దక్షిణాదివాళ్లని కాపాడిందని మనం గొప్పలు పోవడానికి లేదు. ఇండియాలో బెరిబెరి పాతుకున్నది మన సర్కారు జిల్లాల్లోనే. మిల్లులో పట్టిన పచ్చి బియ్యం తిన్నది మనవాళ్లే మరి.

ఇప్పుడది అరుదే. ఐనా తాగుడెక్కువై తిండి తగ్గినవాళ్లకి, రోజుల తరబడి వాంతులయ్యేవాళ్లకి రావచ్చు. అలాంటి మనిషికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే ముప్పు. నర్సు "తాగుతాడా? ఏం తింటున్నాడు?" అని అడిగేది అందుకే. పక్కనున్న మనమేమో పర్మిట్‌కి ఎసరొస్తుందని "లేదు మేడమ్" అనేస్తాం. నిజం చెబితే బి1 సూది వేస్తారు. అది వేళకి పడితే గుండె జబ్బుగా ముదిరిన బెరిబెరి కూడా కొద్ది రోజుల్లోనే తగ్గుముఖం పడుతుంది.