దుకాణంలో నా షేరు

నిర్మల్ బొమ్మల దుకాణానికి నేనూ ఒక ఓనర్ని. ఓనరంటే గల్లాపెట్టె తాళంచెవి నా కొంగున ఉంటుందని కాదు. బొమ్మలు చెక్కేవాళ్ళూ, రంగులేసేవాళ్ళూ కలిసి పెట్టుకున్న సహకార సంఘం అది. అందులో మెంబర్లయిన వాళ్ళందరూ ఓనర్లే. మా నాన్న, మేం బాపు అనేవాళ్ళం, పోయాక ఆయన షేరు నా పేరు మీదికి మారింది. దరఖాస్తు, మరణ ధ్రువపత్రం, నామినీ కాగితం, కమిటీ తీర్మానం, అంతే తతంగం. ఆ షేరు ధనానికి మంచి జింక బొమ్మల జత ఒకటి కూడా రాదు. "గింత దుకాణానికి ఓనరమ్మవైనవా నువ్వు?" అని మా ఆయన నవ్వాడు.

నవ్వితే నవ్వనీ. ఆ కాగితం వెనకాల మూడు వందల ఏళ్ళు దాటిన బేరం ఒకటుంది. మా ఊళ్ళో బొమ్మ ఎవరు చెయ్యాలన్నది ఎన్నడూ తగాదా కాలేదు. దాని ధర ఎవరు చెప్పాలన్నదే తగాదా.

ఊరికి పేరు నిమ్మనాయుడి నుంచి వచ్చిందని మా పెద్దలు చెప్తారు. పదిహేడో శతాబ్దంలో ఈ సీమను ఏలిన ఆయనే బొమ్మలు చేసే నకాషీలను చేరదీసి పని కల్పించాడంటారు. దొర చేరదీస్తే తిండికి లోటుండదు. కానీ పని నచ్చితే ఇనాం ఇస్తాడు, నచ్చకపోతే లేదు. ఇచ్చేది ఆయన ఇష్టం, పుచ్చుకునేది మన అదృష్టం. ధరన్న మాటకు అక్కడ తావే లేదు.

తర్వాత నిజాముల ఏలుబడి వచ్చింది. ఫిరంగులు పోసే కార్ఖానా వచ్చింది, ఊరి చుట్టూ కోటలూ బురుజులూ లేచాయి. శ్యామ్‌గఢ్ కోట ఇప్పటికీ రోడ్డు మీదికి కనబడుతూనే ఉంటుంది. ఆ రోజుల గురించి మా ఇళ్ళలో ఒక కథ చెప్తారు. నిజాం నవాబు నిర్మల్ వచ్చినప్పుడు మావాళ్ళు ఆయన కూర్చునే చోట పైన ఒక అరటిపువ్వును వేలాడదీశారట. చెక్కతో చేసి రంగులద్దిన పువ్వది. దారం లాగగానే అది విచ్చుకుని నవాబు మీద బంగారు రేకులు రాలాయట. చిన్నప్పుడు ఈ కథ ఎన్నిసార్లు విన్నా మళ్ళీ చెప్పమనేదాన్ని. పెద్దయ్యాక ఒకటే అనుమానం: ఆ పువ్వుకు నవాబు ఎంత ఇచ్చాడు? ఆ సంగతి ఒక్కరూ చెప్పరు. రేకులు రాలేదాకా చెప్పి ఆపేస్తారు.

నవాబుల తర్వాత వచ్చింది సేట్ల కాలం. మా తాత ఆ కాలంలోనే బతికాడు. పండగ ముందు సేటు అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా బొమ్మలన్నీ ఆయనకే, ఆయన చెప్పిన రేటుకే. తీరే లోపు ఇంకో పండగ వచ్చేది. తాత సేటును తిట్టడం తాను ఎన్నడూ వినలేదని బాపు అనేవాడు. ఆపదకు పైసలిచ్చేది ఆయనొక్కడే కదా. ఈ పద్ధతిలో ఉన్న చిక్కంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

అడ్వాన్సు కంటే పెద్ద చిక్కు చెక్క. మా బొమ్మలకు పొణికి చెట్టే కావాలి. తేలికైన, మెత్తని చెక్క. ఎండితే చేతిలో బరువే తెలియదు, ఉలికి ఎదురు చెప్పదు. కొండపల్లి వాళ్ళదీ ఇదే చెట్టు, వాళ్ళు తెల్ల పొణికి అంటారు. (వాళ్ళు దశావతారాలు, ఏనుగంబారీలు, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి చేస్తారు, మావి పళ్ళు, కూరగాయలు, జింకలు, పిట్టలు. ఎవరివి గొప్పవన్న వాదన పెళ్ళిళ్ళలో తెగనే తెగదు.) పొణికి అడవిలో పెరిగే చెట్టు. అడవి సర్కారు చేతికి వెళ్ళాక చెక్క కావాలంటే పర్మిట్టు కావాలి. ఉలి ఒక్కటి చేతబట్టుకుని అటవీ శాఖ ఆఫీసుకు పోతే ఎవరు పలుకుతారు? సంఘం ముద్రతో పోతే కనీసం కుర్చీ వేస్తారు.

సంఘం 1955లో పుట్టింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ లేదు. నిర్మల్ హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. ఆ రాష్ట్రానికి 1952లోనే కొత్త సహకార చట్టం వచ్చింది. ఢిల్లీలో అఖిల భారత హస్తకళల బోర్డు పెట్టిందీ ఆ ఏడే. నేతవాళ్ళకు, కుండలవాళ్ళకు, తోలుపనివాళ్ళకు, ఎవరికి వాళ్ళకు సంఘాలు పెట్టుకోండని సర్కారే ఊరూరా చెప్పిన రోజులవి. చెక్క, రంగులు సంఘం తెచ్చి ఇస్తుంది. బొమ్మ తయారయ్యాక నగానికి ఇంతని రేటు కట్టి తీసుకుని, ఇచ్చిన సరుకు ఖర్చు పట్టుకుని మిగతాది చేతికిస్తుంది. దుకాణంలో అమ్మేది సంఘం. ఆ రేటు కట్టే కమిటీని ఎన్నుకునేది మెంబర్లు. ఎన్ని షేర్లున్నా మనిషికి ఒక్కటే ఓటు. సేటు రోజులు చూసినవాళ్ళకు ఈ ఒక్క ముక్క ఎంత వింతగా తోచి ఉంటుందో!

సహకార శాఖ వాళ్ళు పెట్టిన శిక్షణ తరగతిలో ఇంగ్లండులోని రాచ్‌డేల్ సహకార సంఘం గురించి చెప్పారు. అక్కడ 28 మంది, నేతపనివాళ్ళూ ఇతర పనివాళ్ళూ కలిసి, మనిషికో పౌను వేసుకుని 1844 డిసెంబరు 21న ఒక దుకాణం తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, ఓట్స్ పిండి, కొన్ని కొవ్వొత్తులు, ఇంతే సరుకు. కల్తీ లేనిది సరైన తూకానికి కొనుక్కోవాలని వాళ్ళ ఆశ. అంటే వాళ్ళు కలిసింది కొనడానికి, మావాళ్ళు కలిసింది అమ్మడానికి. కొనేవాళ్ళ సంఘానికి తమ ఊళ్ళోనే గిరాకీ ఉంటుంది. అమ్మేవాళ్ళ సంఘం గిరాకీ కోసం రోడ్డు వైపు చూస్తూ కూర్చోవాలి.

ఆ రోడ్డు చాలా ఏళ్ళు మమ్మల్ని సాకింది. హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే పాత 7వ నంబరు జాతీయ రహదారి ఊళ్ళోంచే పోయేది. కార్లు ఆగేవి. బాసరలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించి తిరిగిపోయే కుటుంబాలు ఆగేవి, పలక పట్టుకున్న పిల్లవాడు చెక్క మామిడిపండును కొరకబోతే వాళ్ళమ్మ లాక్కునేది. ఇప్పుడా రోడ్డు 44వ నంబరయింది, బైపాస్ పడింది. అవే కార్లు ఊరి పక్కనుంచి దూసుకుపోతున్నాయి. దుకాణానికి రావాలని బయల్దేరినవాళ్ళు తప్ప దారిలో కనబడి ఆగేవాళ్ళు తగ్గారు.

ఇంతకీ లోపల జరిగే పని చెప్పలేదు. సీతాఫలాన్ని తీసుకుందాం. పొణికి దుంగను తేమ పోయేదాకా ఆరబెట్టి, పండుకు సరిపడా ముక్క కోసి, ఉలితో గుండ్రం తీస్తారు. తర్వాత కళ్ళు చెక్కాలి. మామిడిపండుకు ఈ బాధ లేదు, నునుపు చేస్తే చాలు. సీతాఫలానికి ఒంటి నిండా కళ్ళే. అన్నీ ఒకే తీరుగా ఉంటే అచ్చులో పోసినట్టు కనబడుతుంది, తీరు తప్పితే పండులాగే ఉండదు. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి ఉడికించిన జిగురులో రంపపుపొట్టు కలిపితే లప్పం అవుతుంది. చెక్కలో పగుళ్ళూ అతుకులూ దానితో పూడ్చి, ఆరాక సుద్ద పూత వేసి, గరుకు కాగితంతో రుద్దుతారు. ఆ తర్వాతే రంగు.

పూర్వం ఆకు పసర్లు, మట్టి రంగులు వాడేవాళ్ళు. పసర్ల నుంచే బంగారు ఛాయ తీసేవాళ్ళని చెప్తారు. ఇప్పుడంతా డ్యూకో. అది 1920లలో అమెరికాలో మోటారు కార్ల కోసం తయారైన రంగు, తొందరగా ఆరుతుంది, తళతళలాడుతుంది. కార్లకు వేసే రంగు చెక్క పళ్ళకు ఎక్కడం నాకు తప్పుగా అనిపించదు. నీళ్ళు పడ్డా చెదరదు, బొమ్మ ఏళ్ళతరబడి నిలుస్తుంది. దాని వాసనకు తల నొప్పెడుతుంది, అదొక్కటే నాకు కోపం.

మా ఇంట్లో చెక్కేది బాపు, రంగు అమ్మ. సీతాఫలం మీద ముందు ముదురు ఆకుపచ్చ వేసేది. ఆరాక సన్న కుంచెతో ఒక్కో కన్ను నెత్తిన లేత ఆకుపచ్చ, అంచుకు వచ్చేసరికి రవ్వంత పసుపు. కళ్ళ మధ్య గాడిలో పసుపు దిగకుండా, అక్కడ నలుపు కలిపిన ఆకుపచ్చతో మళ్ళీ ఒక గీత. తొడిమ దగ్గరి కళ్ళు చిన్నవి, వాటికి పసుపు వద్దు. బాపు ఒక పండు చెక్కే వేళకు అమ్మ చేతిలోది ఇంకా సగంలోనే ఉండేది. అయినా సంఘం పుస్తకంలో అమ్మ పేరు లేదు. ఇంటికొక మనిషే మెంబరు, ఆ మనిషి ఉలి పట్టినవాడు. మా పక్కిళ్ళలోనూ అంతే. ఎవరో కావాలని చేశారని నేననను. 1955లో ఆడదాని పని గురించి అడగాలని ఎవరికీ తోచలేదు.

సేటు కాలం పోయింది గానీ సేట్లు పోలేదు. ఆ మధ్య హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పెళ్ళిలో రిటర్న్ గిఫ్టులకు పళ్ళ బుట్టలు కావాలట. "అమ్మా, సంఘం రేటు మాకెందుకు, మీ ఇంట్లో చేసి మీరే ఇవ్వండి, పైసలు ముందే పంపిస్తా" అన్నాడు. ముందే పంపిస్తా అన్న మాట ఆశ పుట్టించేదే. "చెక్క సంఘానిది సారూ, రేటూ సంఘానిదే, నేనొక్కదాన్ని తగ్గిస్తే చెల్లదు" అన్నాను. చివరికి దుకాణంలోనే కొన్నాడు. తాతకు ఇలాంటి జవాబు చెప్పే వీలు ఉండేది కాదు. ఆ షేరు పైసల్లో ఎంతైనా సరే, నాకు ఇచ్చింది ఈ జవాబు.

2009లో నిర్మల్ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంకో ఊళ్ళో చేసి నిర్మల్ పేరు పెట్టి అమ్మకూడదని దాని అర్థం. ఆ గుర్తింపునిచ్చే 1999 నాటి చట్టంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది: ఈ హక్కును అమ్మడానికి, రాసివ్వడానికి, తాకట్టు పెట్టడానికి వీల్లేదు. పండగ అడ్వాన్సుకు కుదువ పెట్టలేని ఆస్తి మావాళ్ళ చేతికి రావడం బహుశా అదే మొదలు.

పేరు కాగితం మీద భద్రంగానే ఉంది, చెట్టే అడవిలో తగ్గిపోతోంది. పొణికి నాటాలని ప్రయత్నాలు జరుగుతున్నాయి, కానీ నాటిన మొక్క ఉలికి వచ్చేదాకా కడుపు ఆగదు కదా. ఉలి పట్టే పిల్లలు తక్కువయ్యారు. మా వాడు కంప్యూటర్ చదువుతున్నాడు, బొమ్మల ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెడతానంటాడు. పెట్టనీ. కాకపోతే కమిటీని అడిగి పెట్టమన్నాను.

మెంబరయ్యాక మొదటిసారి మహాజన సభకు పోయినప్పుడు వెనక వరసలో కూర్చున్నాను. లెక్కలు చదివారు, ఆమోదమేనా అన్నారు, చేతులెత్తాం. చివర్లో ఎవరైనా మాట్లాడతారా అంటే లేచాను. సీతాఫలానికీ మామిడిపండుకూ రేటులో ఇంత కొద్ది తేడా ఏమిటి, రంగుకు పట్టే పొద్దును ఎవరైనా లెక్క కట్టారా అని అడిగాను. కాసేపు గుసగుసలు. ముందు వరసలోంచి ఒక పెద్దాయన "అడిగింది నిజమే గదనే" అన్నాడు. చెక్కుడుకూ రంగుకూ రేటు విడివిడిగా కట్టి చూడాలని రాసుకున్నారు. తర్వాత సీతాఫలం రేటు పెరిగింది, నేనడిగినదాంట్లో సగం. మిగతా సగం వచ్చే సభలో అడుగుతాను. రంగులేసే ఆడవాళ్ళను వాళ్ళ పేరు మీదే మెంబర్లుగా చేర్చుకోవాలన్న దరఖాస్తు కూడా రాసి పెట్టాను, సంతకాలకు తిరుగుతున్నాను.